సున్నం కింద అంకెలు

కంబోడియా వెళ్లొచ్చానంటే జనగామలో ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "ఎవరితోని పోయినవ్ సారూ?" ఒక్కడినే పోయానంటే మొహం అదోలా పెడతారు. వేములవాడకైనా, పెళ్లికైనా, ఆఖరికి దవాఖానకైనా మనవాళ్లు తోడు లేకుండా పోరు. ఒంటరిగా పోయేవాడికి ఏదో అయిందని లెక్క. వాళ్ల లెక్క తప్పు కాదు, నాకూ ఏదో అయింది. అది చెప్పకుండా ప్రయాణం చెబితే పెళ్లికొడుకు లేని బారాత్ అవుతుంది. కాబట్టి ముందు అదే చెబుతాను.

నా పేరు సదయ్య. జనగామ సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టర్ని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబుతాను. మా ఊరు టేకుమట్లకు దగ్గర్లో, వాగు పక్కన. ఊరి వెలుపల చేలల్లో కాకతీయుల నాటి చిన్న శివాలయం ఉండేది. పునాది కుంగి, వెనక గోడ ఒరిగి, ఇవాళో రేపో పడేటట్టుంటే, రాయి రాయి విప్పి మళ్లీ సూటిగా నిలబెడదామని ఊరిని ఒప్పించింది నేనే. డబ్బు పెడతామని పట్నం నుంచి ఒక ధర్మసంస్థ వాళ్లు వచ్చారు. "మూడు నెలలు, అంతే" అని నలుగురిలో చెయ్యి ఊపి మరీ చెప్పాను.

గోడల రాళ్లు రెండువందల పద్దెనిమిది. ఒక్కో రాయి గోడలో ఎక్కడుందో కాగితం మీద గీసి, దానికో అంకె వేసి, అదే అంకెను రాయి మీద కూడా రాశాను. దేవుని రాళ్ల మీద పెయింటు ఏంది అని పెద్దలు అడ్డం చెబితే జాజుతో రాశాను. జాజంటే గోడలకూ గడపలకూ పూసే ఎర్రమట్టి. నీళ్లు తగిలితే కరిగిపోతుందని నాకు తెలియక కాదు. మూడు నెలల పనికి ఆ మాత్రం చాలదా అనుకున్నాను.

రెండు నెలలకు పట్నం వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ వెంటనే ఉద్యమం అంటుకుంది. బందులు, రాస్తారోకోలు, రోజుకో ఊరేగింపు. రాళ్లెత్తాల్సిన యువకులంతా రోడ్ల మీదే ఉన్నారు. అడిగితే, "రాష్ట్రం వచ్చినంక కడదాం తీ సారూ" అనేవారు. ఆ రోజుల్లో పెళ్లిళ్లు తప్ప అన్నీ రాష్ట్రం వచ్చినంకే. లింగాన్ని రేకుల కింద పెట్టి, రాళ్లను చేలో వరసలుగా పేర్చి వదిలేశాం.

శివరాత్రి ముందురోజు ఊరికి వెళ్లాను. చేలోకి చూసి నిలబడిపోయాను. రాళ్లన్నీ తెల్లగా మెరిసిపోతున్నాయి. ప్రతిదానికీ శుభ్రంగా నీళ్లు పోసి, కడిగి, సున్నం వేసి, పైన మూడేసి ఎర్ర పట్టీలు దిద్దారు. నా అంకె ఒక్కటి లేదు. గుడికి ఏటేటా సున్నం వేసే వంతు లచ్చవ్వది. మోకాళ్ల దాకా సున్నం చింది, చేతిలో కొబ్బరి పీచు కుచ్చెతో ఆఖరి రాయి దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. "గుడి లేకుంటేంది సదయ్యా, రాళ్లయితే ఉన్నయ్ గద. పండుగ పూట ఉత్తగ ఎట్ల ఉంచుత?" అంది.

నేనన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తాను. "నీ చేతులు ఇరగ" అన్నాను. పదిమంది ఆడవాళ్ల ముందు, నా తల్లి కంటే పెద్దామెను. ఆమె కుచ్చెను బకెట్లో పెట్టింది. నేను అట్నుంచి అటే బస్సెక్కాను. రెండేళ్లు దాటింది, మళ్లీ ఊరి మొహం చూడలేదు. కాగితం నా గదిలో ఉంది, రాళ్లు చేలో ఉన్నాయి, రెంటికీ మధ్య సంబంధం తెగిపోయింది. ఊరివాళ్లు ఎక్కడన్నా బస్టాండులో కనబడితే, "రాళ్ల సారు పోతున్నడు" అని వినబడేటట్టే అనుకునేవారు.

అలాంటి రోజుల్లో పేపర్లో ఒక మూల చదివాను. కంబోడియాలో బాపువాన్ అనే పెద్ద శివాలయం. వెయ్యేళ్ల నాటిది. బాగుచేద్దామని రాళ్లు విప్పి, అంకెలు వేసి అడవిలో పరిచారు. ఇంతలో యుద్ధం వచ్చి కాగితాలు నాశనమయ్యాయి. అయినా ఎట్లాగో మళ్లీ కట్టి ఈమధ్యే తెరిచారు. మూడు లక్షల రాళ్లట. నావి రెండువందల పద్దెనిమిది. ఎట్ల కట్టారో కళ్లారా చూడాలనిపించింది. వేసవి సెలవుల చివర్లో, రాళ్ల చోట్లు గీసిన నా నక్షను చుట్టి ప్లాస్టిక్ పైపులో పెట్టుకుని బయలుదేరాను.

ఆలేరు దగ్గర

జనగామ దాటి గంట కాకముందే బస్సు ఆగింది. రోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యిలు, వాటి మీద గుండిగలు. వంటావార్పు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, మా ఉద్యమంలో రోడ్డును ఆపడానికి రాళ్లు రువ్వనక్కర్లేదు. నడిరోడ్డు మీద వండుకుని తింటాం. బువ్వ ఉడికే దాకా ఏ బండీ కదలదు, తిట్టడానికి డ్రైవరుకూ నోరు రాదు, ఎందుకంటే అతనికీ ఒక విస్తరి వేస్తారు.

నాకూ వేశారు. బగారన్నం, పప్పుచారు. వడ్డిస్తున్న అక్క నా పైపు చూసింది.

"గండ్ల ఏమున్నది సారూ?"

"గుడి నక్ష అక్కా."

"మంచిగున్నది. యాడ కడుతున్నరు?"

కడుతలేము అని చెప్పలేక అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆమె ఇంకో గరిటె వేసి, "కట్టుండ్రి, కట్టుండ్రి. రాష్ట్రం వచ్చేటాల్లకు అయిపోవాలె" అంటూ పక్క విస్తరికి పోయింది. చుట్టూ నూరు మంది ఒక పంక్తిలో కూర్చుని తింటున్నారు. అంతమంది మధ్య కూర్చుని కూడా నేను వాళ్లలో లేననిపించింది. వాళ్లంతా ఒకటి రావాలని చూస్తున్నారు. నేను పోయినదాన్ని వెతుక్కుంటూ పోతున్నాను.

విమానం ఎక్కేముందు

శంషాబాద్‌లో కాగితాలు నింపే బల్ల దగ్గర ఒకతను నా భుజం తట్టాడు. పేరు బాలు, బయ్యారం దగ్గర తండా. మస్కట్‌కు కూలిపనికి పోతున్నాడు. వెంట వచ్చిన భార్యను గేటు బయటే ఆపేశారు. అద్దంలోంచి ఆమె ఇటే చూస్తోంది. ఇతను ప్రతి రెండు నిమిషాలకూ ఆమెకు చెయ్యి ఊపి వస్తున్నాడు.

"సారూ, జర గీ కాయితం రాసియ్యవా? పరేషాన్ అయితున్న."

రాసిచ్చాను. నేను ఏ దేశం పోతున్నానో, ఏం పనికో అడిగాడు. రాళ్లు చూడడానికి అన్నాను. కాసేపు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"రాళ్లా? మా బయ్యారంల రాళ్లు లెవ్వా సారూ? ఇనుపరాళ్లు! ఎన్ని గావాలె? గుట్టలకు గుట్టలున్నయ్."

నవ్వాను. ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే. భద్రత వాళ్లు నా పైపు విప్పి, నక్ష పరిచి, అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ చుట్టిచ్చారు. వెనక్కి తిరిగి చూస్తే బాలు ఇంకా అద్దం వైపు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నాకోసం అద్దం అవతల ఎవరూ లేరు గానీ, అలవాటు లేకపోయినా ఒకసారి అటు చూశాను.

సియెం రీప్, మొదటి రోజు

బాపువాన్‌కు దగ్గరి ఊరు ఇదే. ఊరు బయటికి రాగానే తాటిచెట్లు. నేను నమ్మలేకపోయాను. పొలం గట్ల మీద, అచ్చం మన దగ్గర ఉన్నట్టే, గుంపులు గుంపులుగా. కొన్నిటికి వెదురు నిచ్చెన కట్టి ఉంది. ఇక్కడి వాళ్లకు మోకు లేదు, వెదురు కొమ్మల మీద కాలు పెట్టి ఎక్కుతారు. మన గౌడన్న చూస్తే నవ్వుతాడు. కల్లు కుండలో కాదు, వెదురు గొట్టంలో దించుతారు.

నన్ను తిప్పిన ఆటో ఆయన పేరు సోఖా. నలభై అయిదేళ్లుంటాయి. నా ఇంగ్లీషు లాంటిదే ఆయన ఇంగ్లీషూ, అందుకని ఇద్దరికీ బాగా అర్థమైంది. భుజం మీద గళ్ల తువ్వాలు. క్రమా అంటారు. చెమట తుడుచుకోవడానికి, తలకు చుట్టడానికి, మూట కట్టడానికి, అన్నింటికీ అదే. ఊరి మొదట్లో ఒక చిన్న గూడు, అందులో ఎర్రగుడ్డ కట్టిన రాయి, ముందు ఊదుబత్తులు. అదేమిటని అడిగాను. ఊరిని కాచే తాత అన్నాడు. మాకూ ఉంది, బొడ్రాయి అంటాం అన్నాను. పేరు నాలుగుసార్లు పలకబోయి వదిలేశాడు.

గుళ్లు చూసే టికెట్టు మీద మన ఫొటో అచ్చేస్తారు. మూడు రోజులకు నలభై డాలర్లు, మన లెక్కన రెండువేల పై మాట. కౌంటరులోని అమ్మాయి నవ్వమని సైగ చేసింది. ఫొటోలో నేను బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా ఉన్నాను.

అన్నం దగ్గర బెంగపడక్కర్లేదు, మూడు పూటలా వరే. పొద్దున సన్నటి బియ్యపు సేమియా మీద పచ్చటి చేపల పులుసు పోసి, పైన అరటిపువ్వు తరుగు వేసి ఇస్తారు. పులియబెట్టిన చేపల ముద్ద ఒకటుంది, దాని వాసనకు మన ఎండుచేప గంధంలా అనిపిస్తుంది. కారం మాత్రం లేదు. నేను జేబులో పెట్టుకుని పోయిన మామిడికాయ తొక్కు పొట్లం తీస్తే, హోటలావిడ వాసన చూసి రెండడుగులు వెనక్కి వేసింది. చెల్లుకు చెల్లు.

హోటల్ గదిలో ఇద్దరికి సరిపడే మంచం, రెండు తువ్వాళ్లు, రెండు సబ్బులు. నేను ముట్టని రెండో తువ్వాలను కూడా పనిపిల్ల రోజూ మార్చి కొత్తది పెట్టేది. వద్దని చెబుదామనుకుని, ఎట్ల చెప్పాలో తెలియక ఊరుకున్నాను. రెండో మనిషి ఇంకా రాలేదు కాబోలు అనుకుని ఉంటుంది.

సాయంత్రం బజారులో ఒక క్రమా బేరం చేశాను. ఎర్రది. అమ్మే ఆమె, "భార్యకా?" అంది. కాదన్నాను. "అమ్మకా?" కాదు. "మరెవరికి?" అని ఊరికే అడిగింది. బేరం మరచిపోయి చెప్పిన ధరే ఇచ్చేసి వచ్చాను.

రెండో రోజు: బాపువాన్

అడవి మధ్యలో కొండలా కనబడింది. ముందు పొట్టి రాతిస్తంభాల మీద నిలబెట్టిన పొడుగాటి దారి, చివర మెట్లు మెట్లుగా పైకి లేచిన గుడి. శివుని గుడి అన్నారు కదా, నేను అలవాటుగా చెప్పులు కింద విడిచాను. ఆ పని చేసింది ఆ రోజు అక్కడ నేనొక్కడినే. దేశదేశాల జనం బూట్లతో ఎక్కుతున్నారు. మే ఆఖరు ఎండ, నల్లరాయి. సగం ఎక్కాక వెనక్కి తిరుగుదామంటే కిందా అంతే దూరం. కాళ్లు ఎగరేసుకుంటూ పైకి పోయాను. ఒక తెల్లామె నాదేదో మొక్కు అనుకుని పక్కకు జరిగి దారిచ్చింది.

పైన లింగం లేదు. గాలి ఉంది. అతుకుల మీద చెయ్యి పెట్టి చూశాను. సున్నమూ లేదు, మట్టీ లేదు, రాయి మీద రాయి. వెనక వైపు గోడంతా పొడుగ్గా ఒక బుద్ధుడు పడుకుని ఉన్నాడు. తర్వాతి కాలం వాళ్లు ఈ గుడి రాళ్లే తీసి అక్కడ పేర్చారట. మా ఊళ్లో ఒక గుడి రాయిని ఎవరో బట్టలుతికే బండగా వాడితే నేను కేసు పెడతానన్నాను. ఇక్కడ ఒక దేవుని గోడ తీసి ఇంకో దేవుణ్ణి చేశారు, ఎవరూ కేసు పెట్టలేదు.

కిందికి దిగి అడవి అంచుకు పోయాను. గడ్డిలో ఇంకా రాళ్లున్నాయి, వందలు, వేలు. గుడి అయిపోయాక కూడా చోటు దొరకనివి. కొన్నిటి మీద పెయింటుతో రాసిన అంకెలు, వెలిసిపోయి, సగం నాచు కింద. ఒకదాని ముందు కూర్చున్నాను. అంకె మీద వేలు పెట్టి దిద్దాను, ఒకటో తరగతి పిల్లాడు దిద్దినట్టు. అక్కడ ఏడ్చాను. ఎందుకో చెప్పడానికి పక్కన ఎవరూ లేరు, అడిగేవారూ లేరు. అది ఒక రకంగా సుఖమే.

తిరిగొచ్చేసరికి చెప్పులు లేవు. అటూ ఇటూ వెతుకుతుంటే, దారి మొదట్లో నీడన చాప వేసుకుని వెదురు గొట్టాల్లో కల్లు అమ్ముతున్న ఒక ముసలాయన చెయ్యెత్తి పిలిచాడు. నా చెప్పులు ఆయన చాప కింద ఉన్నాయి. ఎండలో కాలిపోతాయని తీసి పెట్టాడట. నా అరికాళ్లు చూసి, నాలుక చప్పరించి, చెంబుడు నీళ్లు పోశాడు. రెండు చోట్ల బొబ్బలు లేచాయి.

సోఖా వచ్చి మాటలు కలిపాడు. ఆయన పేరు హెంగ్. తా హెంగ్ అనాలి, తా అంటే తాత. కుర్రతనంలో ఈ గుడి విప్పేటప్పుడు రాళ్లు మోశాడట. ముసలితనంలో కట్టేటప్పుడు మళ్లీ మోశాడట. నా దగ్గరొక నక్ష ఉంది, చూస్తావా అన్నాను. హోటల్లో ఉంది. రేపు తెమ్మన్నాడు. పొద్దున్నే రా, పొద్దెక్కితే కల్లు పులుస్తుంది అన్నాడు.

మూడో రోజు: తాటికల్లు

చాప మీద నక్ష పరిచాను. నాలుగు మూలలా నాలుగు కల్లు గొట్టాలు పెట్టాడు. పక్కన ఆయన భార్య ఆకూవక్కా నములుతోంది. తా హెంగ్ చాలాసేపు చూశాడు.

"గీత బాగుంది" అన్నాడు. సోఖా ఇంగ్లీషులో చెప్పాడు. ఇంత దూరం వచ్చాక దొరికిన మెప్పు అది, మనసు పొంగింది.

"రాళ్లున్నాయా?"

"ఉన్నాయి. చేలో ఉన్నాయి."

"అంకెలు?"

"సున్నం కింద పోయాయి."

సున్నం అన్న మాట సోఖాకు రాలేదు. నేను గాలిలో కుచ్చె ఊపి చూపించాను. అది ఈతలాగా కనబడిందో ఏమో, ముగ్గురూ బిత్తరపోయి చూశారు. ఆఖరికి ముసలామె వక్కల డబ్బాలోని సున్నపుకాయ చూపించాను. "ఇదే. రాళ్ల నిండా."

తా హెంగ్ పగలబడి నవ్వాడు. "ఎవరు వేశారు?"

"ఊళ్లో ఒక ముసలామె."

"ఎందుకు?"

"పండగ వచ్చింది. రాళ్లు ఉత్తగా ఉండకూడదని."

ఆయన నవ్వు ఆగిపోయింది. అడవి వైపు చూశాడు. మా రాళ్లు ఇరవై ఏళ్లకు పైగా ఆ గడ్డిలో పడి ఉన్నాయి, ఒక్కరు కూడా వచ్చి తుడిచింది లేదు అన్నాడు. మళ్లీ నా వైపు తిరిగి, "ఆమె బతికే ఉందా?" అన్నాడు.

"ఉంది."

"ఏ రాయి ఎక్కడిదో ఆమెను అడిగావా?"

ఆమెనా? చదువు రాని మనిషిని? అంకెలు చెరిపిన మనిషిని? అదే మాట ఇంగ్లీషులో కూడగట్టబోతుంటే ఆయన నక్ష మీద వేలు పెట్టాడు.

"మాకు ఇలాంటి కాగితం పోయింది. గీసినవాళ్లు పోయారు. మోసిన మా ముఠాలో పద్దెనిమిది మందిమి. మనుషుల్ని లక్షల్లో చంపిన ఆ చెడ్డ ఏళ్లు గడిచాక ముగ్గురం మిగిలాం. అడగడానికి మనిషి లేక రాళ్లనే అడిగాం. ఒక్కొక్కదాన్నీ కొలిచి, తిప్పి, దీని పక్కది ఏదని వెతికాం. పదహారేళ్లు పట్టింది." గొట్టం ఎత్తి నాకిచ్చాడు. "నీకు అడగడానికి మనుషులున్నారు. మరి ఇంత దూరం ఎందుకొచ్చావు?"

సోఖా ఆ మాట తర్జుమా చేసి తల దించుకున్నాడు. తన తండ్రి కూడా ఆ ఏళ్లలోనే పోయాడని తిరిగి వచ్చేటప్పుడు చెప్పాడు, ఆటో ఆపకుండా, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

తా హెంగ్‌కు నేను జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. జనగామ నుంచి మా ఊరు నూరు కిలోమీటర్ల పైచిలుకు. బస్సుకు పోతే మధ్యాహ్నం బువ్వ వేళకు లచ్చవ్వ వాకిట్లో ఉండొచ్చు. ఆ వాకిలి కంటే నాకు కంబోడియా దగ్గరనిపించింది. తప్పయిందని చెప్పడం కంటే సముద్రం దాటడం తేలికనిపించింది. దానికి నేను చదువు అని, పరిశోధన అని పేరు పెట్టుకున్నాను.

కల్లు తియ్యగా ఉంది, కొద్దిగా వెదురు వాసన. గొట్టం రెండువేల రియల్, మన పాతిక రూపాయలు. తా హెంగ్ తీసుకోనన్నాడు. నేను చాప మీద పెట్టి వచ్చాను. వచ్చేటప్పుడు ఇంకో రెండు రోజులు చూడాల్సిన గుళ్లు చాలా ఉన్నాయని సోఖా అన్నాడు. చాలు, ఇంటికి పోతాను అన్నాను. ఆ మాట అన్నాక గమనించాను, ఇల్లు అన్నప్పుడు నాకు జనగామలోని గది గుర్తుకు రాలేదు.

మా ఊరు

ఇది యాత్రలో భాగం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పరకాలలో బస్సు మారి, టేకుమట్ల దగ్గర దిగి, నడిచి పోయాను. తొలకరి పడింది. పత్తి గింజలు పెడుతున్నారు. దారిలో ఇద్దరు నన్ను గుర్తుపట్టారు, ఎవరూ పలకరించలేదు. బడి గోడ మీద "జై తెలంగాణ" కొత్తగా రాశారు, అక్షరాలు ఒంకర. డ్రాయింగ్ మాస్టర్ని కదా, ముందు అదే కనబడింది.

లచ్చవ్వ అరుగు మీద చింతగింజలు చెరుగుతోంది. బాగా వంగిపోయింది. చూపు తగ్గినట్టుంది.

"ఎవ్వలు?"

"నేనే అవ్వా. సదయ్యను."

చాట ఆపలేదు. నేను నిలబడే ఉన్నాను. విమానంలో అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"అవ్వా, తప్పయింది. గా దినం నోరు జారిన."

ఆమె చాట పక్కన పెట్టింది. రెండు చేతులూ నా మొహం ముందు చాపి, అటూ ఇటూ తిప్పి చూపించింది.

"నోరే గద బిడ్డా, జారుతది. సూడు, ఇరగలే."

నేను ఆ చేతులు పట్టుకున్నాను. సున్నానికి పగిలిన వేళ్లు, గోళ్ల మూలల్లో తెల్లటి గీత ఇంకా ఉంది. సంచిలోంచి ఎర్ర క్రమా తీసి ఇచ్చాను. తడిమి చూసి, "తువ్వాలా? మెత్తగున్నది" అని తలకు చుట్టుకుంది. సియెం రీప్ బజారులో క్రమా అమ్మినామె అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది.

"అవ్వా, గుడికి సున్నమేస్తుంటివి గద. ఏ రాయి యాడుండెనో నీకు యాదికున్నదా?"

"నలభై ఏండ్లు ఏసిన. యాదికుండదా? లోపటియి నాకు తెల్వయ్. బయటియి చెప్త."

చేలోకి నడిచాం. రాళ్లు తెల్లగా ఉన్నాయి. ఈ శివరాత్రికి కూడా వేసిందన్నమాట. నేను నక్ష పరిచాను. ఆమె దానివైపు చూడనే లేదు. రాళ్ల మధ్య వంగి, ఒక్కొక్కదాన్నీ అరచేత్తో తడుముతూ పోయింది. చూపు పనిచేయకపోయినా చెయ్యి ఆగలేదు.

"గిది ఉత్తరం మూలది. దీనికి సున్నం పట్టది, నీరు కారుతది. ఏటా రెండుసార్లు ఏద్దును." నాలుగడుగులు వేసింది. "గిది దాని మీదిది. గీ గంటు సూడు, పశులకాపరులు కొడవండ్లు నూరుదురు. సగం గంటు దీనికి, సగం గా రాయికి." ఇంకోదాని దగ్గర నవ్వింది. "గిది గడపకు ఎడమదిక్కు. దీని అంచుకు తాకి నా కొత్త చీర కొంగు సినిగింది. గప్పుడు నా బిడ్డ కడుపుల ఉండె."

నక్షలో ఉత్తరం మూల వెతికాను. ఉత్తరం మూల, కింది వరస, ఆ మీది వరస. ఆమె చెప్పిన చోట ఆ కొలత రాయే గీసి ఉంది. గడపకు ఎడమ వైపు, అదే. మూడింటికీ పెన్సిలుతో గుర్తు పెట్టాను. లోపటియి తెల్వయ్ అంది గానీ, బయటి రాయి దొరికితే దాని వెనకది కొలిచి పట్టుకోవచ్చు. పదహారేళ్లు పట్టదు.

"అవ్వా, గిదంత ఎరుకుండి గిన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడటానికి ప్రయత్నించింది. నేనున్న వైపు చూసింది.

"ఎవ్వలకు చెప్పాలె? రాళ్లు యాడికి పోలే బిడ్డా. నువ్వే రాలే."

నేను సంచిలోంచి పెయింటు డబ్బా తీసి మూత ఊడదీశాను. ఈసారి జాజు కాదు. వాసన తగిలిందేమో, ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ముంగట గాదు. ఎనుక దిక్కు రాస్కో. ముంగటి దిక్కు నాది."

రాయి వెనక్కి వెళ్లి కూర్చున్నాను. ఒకటి అని రాశాను.